మూడొందల అడుగుల స్వేచ్ఛ

మా మండలి పూర్తి పేరు రాష్ట్ర సంపూర్ణ కళాస్వేచ్ఛా సాధికార మండలి. అంత పేరు బోర్డు మీద పట్టక చివరి మాట పక్కగోడ మీదికి పోయింది. నేను అందులో సీనియర్ అసిస్టెంటును, పేరు పానకాలరావు. అంతకుముందు పశుసంవర్ధక శాఖలో ఉండేవాణ్ణి. కళలో నాకు ప్రవేశం లేదు, ఫైళ్లలో ఉంది. ఆ అర్హత చూసే నన్ను ఇక్కడికి పంపారని మా ఆవిడ అంటుంది.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నేను ప్రభుత్వోద్యోగిని, నవ్వడం నా విధుల్లో లేదు. మీరు నవ్వితే అది మీ సొంత పూచీ.

మా డైరెక్టరు చిదానందమూర్తి గారు ఒక వేసవిలో పదకొండు రోజుల అధ్యయన యాత్ర మీద ఏదో చలిదేశం వెళ్లివచ్చారు. అక్కడి సదస్సులో తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన "కళకు హద్దులే శత్రువులని కొందరంటారు" అని ఉపన్యాసం మొదలుపెట్టాడట. ఆ తరవాత ఆయన ఏమన్నాడో మా డైరెక్టరు గారు వినలేదు. భోజనాలకు పిలిచారు. తిరిగివచ్చిన రోజే ఆఫీసులో అందరినీ వరసగా నిలబెట్టి ప్రసంగించారు.

"మిత్రులారా! మన రాష్ట్రమునందు కళ ఏల కుంటుపడినదో నాకు అవగతమైనది. హద్దులు! ఎటు చూసిననూ హద్దులు! వీటిని దశలవారీగా, కాలబద్ధంగా, యుద్ధప్రాతిపదికన తొలగించవలసి యున్నది."

మేమంతా చిత్తమన్నాం. యుద్ధప్రాతిపదిక అన్న మాట వినబడితే చిత్తమనడం మా ఆఫీసులో ఆచారం.

మొదటి దశలో చట్రాలు తీసేశాం. మా ప్రదర్శనశాలలో నలభై మూడు పటాలుండేవి. చట్రాలు ఊడగొట్టి స్టోర్‌రూముకు పంపాక మేకులకు తగిలించే దారి లేక బొమ్మల్ని గోడవారగా నేల మీద నిలబెట్టాం. వానాకాలం చెదలు పట్టాయి. చెదపురుగులు కూడా హద్దులు పాటించని జీవులే కాబట్టి వాటి మీద చర్య తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోలేదు.

రెండో దశలో అంచుల సమస్య వచ్చింది. చట్రం తీసినా గుడ్డకు నాలుగు అంచులు మిగిలాయి. అయిదుగురు సభ్యులతో అంచుల ఉపసంఘం వేశారు. ఆరునెలలు కూర్చుని వాళ్లు తేల్చిందేమిటంటే, చతురస్రానికి నాలుగు అంచులు, గుండ్రటి దానికి ఒక్కటే. కాకపోతే ఆ ఒక్కదానికీ అంతు లేదు. కనుక అంచుల్ని తీసేయడం సాధ్యం కాదనీ, కళాకారుడికి కనబడనంత దూరం జరపడమే మార్గమనీ సిఫారసు చేశారు.

అలా పుట్టింది మా గోడ. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో మూడొందల అడుగుల పొడవు, నలభై అడుగుల ఎత్తు. టెండరు కాగితం నేనే టైపు చేశాను: "సదరు గోడ హద్దులు లేనిదై ఉండవలెను. పొడవు సరిగ్గా మూడు వందల అడుగులు ఉండవలెను. ఒక్క అంగుళం తేడా వచ్చినను పడగొట్టి మరల కట్టవలెను." కంట్రాక్టరు దాన్ని రెండుసార్లు చదివి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు. అనుభవజ్ఞుడు.

గోడకు తెల్లసున్నం వేశాక దాని మీద బొమ్మ వేసే మనిషి కావాలి. డిప్లొమాలున్న చిత్రకారులు ముగ్గురొచ్చారు. మొదటాయన ఏ విషయం మీద వెయ్యాలన్నాడు. రెండో ఆయన ఎప్పటికల్లా పూర్తిచెయ్యాలన్నాడు. మూడో ఆయన నిచ్చెన అడిగాడు. నిచ్చెన అడగడమంటే ఎత్తు అనే హద్దును ఒప్పుకోవడమేనని, ముగ్గురినీ స్వేచ్ఛకు అనర్హులుగా తేల్చి పంపేశారు.

"పానకాలరావ్! వీరందరు స్వేచ్ఛకు అలవాటుపడి చెడిపోయినవారు. మనకు కావలసినది ఘోర నిర్బంధములో మగ్గుచున్న కళాకారుడు. అట్టి వానిని గుర్తించి, విడుదల గావించి, ఈ గోడ ముందర నిలబెట్టవలెను. అప్పుడు చూడు!" అన్నారు డైరెక్టరు గారు.

గుర్తించే పని నా మీద పడింది. సర్వే పత్రం ఒకటి తయారుచేసుకుని జీపులో బయలుదేరాను. బుర్రకథల వాళ్లకు రెండు నిర్బంధాలు తేలాయి, మట్టిబొమ్మల వాళ్లకు మూడు, నేతగాళ్లకు నాలుగు. చివరికి మా ఊరి ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగాను. అక్కడ ఒక పాతికేళ్ల నాటి లారీ కింద ఒకాయన వెల్లకిలా పడుకుని డీజిలు ట్యాంకు మీద రంగులు వేస్తున్నాడు. యాభై దాటిన మనిషి, చెవి మీద బ్రష్షు, గడ్డం నిండా పచ్చరంగు తుంపర. పేరు మీరావలి.

ట్యాంకు మీద జింక ఒకటి నీళ్లు తాగుతోంది. ట్యాంకును కట్టిపడేసే ఇనప పట్టీ ఏటిగట్టు అయింది. పక్కన చెక్క తలుపు మీద నెమలి. దాని పింఛం మధ్యలో పెద్ద బోల్టు ఉబ్బెత్తుగా ఉంది.

"ఈ బోల్టు అడ్డం రావట్లేదా?" అన్నాను పత్రం తెరిచి.

"అడ్డమేందండీ? అదే గదా నాకు దోవ జూపిచ్చింది. బోల్టు యాడుంటే నెమలికన్ను ఆడ. నేనేసేది మిగతాదేనండీ."

"బోల్టుల వలన తీవ్ర నిర్బంధము" అని రాసుకున్నాను. ఓనరు మాట, రవాణా శాఖ నిబంధన, వెనక దీపాలు, నంబరు పలక, 'హారన్ కొట్టండి' అన్న అక్షరాల చోటు, ముహూర్తం గడువు, బోల్టులు. మొత్తం ఏడు! రాష్ట్రంలో ఎవరికీ నాలుగుకు మించి లేవు. మీరావలి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

"ప్రభుత్వం మీకు పని ఇస్తుంది" అన్నాను.

ఆయన లారీ కిందనించి జరిగి లేచి కూర్చున్నాడు. "గవుర్మెంటు బళ్లాండీ? ఎన్నుంటయ్యి?"

నేను అవుననలేదు, కాదనలేదు. ఇరవయ్యేళ్ల సర్వీసులో నేర్చుకున్న విద్య అదొక్కటే. దాని ఫలితం మీరావలి అనుభవించాడు. అది నా తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒప్పంద పత్రం నలభై రెండు నిబంధనలది. మూడోది: "కళాకారుడు ఎవరి మాటయు వినరాదు. ఈ ఆదేశమును అక్షరాలా పాటించవలెను." పదిహేడోది: "స్వేచ్ఛ పొందిన కళాకారుడు యావజ్జీవితము ఎవరి వద్దను పని ఒప్పుకొనరాదు." మీరావలి చదవకుండా సంతకం చేశాడు. ఆయన మనసంతా అప్పటికే ఎర్రచక్రాల ప్రభుత్వ లారీల మీద ఉంది.

గోడ ముందుకు తీసుకొచ్చిన రోజు ఆయన ఈ కొసనించి ఆ కొసకు నడిచాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. తల గోక్కున్నాడు.

"చోటెంతండీ?" అన్నాడు. అది ఆయన మొదటి ప్రశ్న. ఎవరి బండి దగ్గరయినా అదే మొదట అడుగుతాడని నాకు తరవాత తెలిసింది.

"చోటుకు పరిమితి లేదు" అన్నారు డైరెక్టరు గారు గంభీరంగా.

"అంటే ఎంతండీ?"

"నీ ఇష్టమయ్యా! నీవిప్పుడు విముక్తుడవు!"

"ఓనరెవరండీ?"

"ఎవరునూ లేరు."

"ఏ రూట్లో తిరుగుద్దండీ?"

డైరెక్టరు గారు నా వైపు చూశారు. గోడ ఎటూ తిరగదని నేను వివరించాను.

"అట్టాగయితే చూసేవోళ్లు ఎంత దూరంనించి చూత్తారండీ? వెనకమాల వచ్చే డ్రైవరుకైతే ఇరవై అడుగులు. దానికి తగ్గట్టు కన్నెయ్యాలి. ముందర దేవుడెవరు, పిల్లల పేర్లేంది, ఏదో ఒకటి జెప్పండి. ఒక్కటన్నా జెప్పండయ్యా."

"చెప్పరాదు! మూడవ నిబంధన" అని డైరెక్టరు గారు వెళ్లిపోయారు.

పదిరోజులు గడిచాయి. మీరావలి పొద్దున తొమ్మిదికి వచ్చి గోడకెదురుగా కూర్చునేవాడు, సాయంత్రం లేచి పోయేవాడు. పదకొండో రోజు ధైర్యం చేసి సుద్దముక్క తీసుకుని గోడ మూలన మంచమంత మేర చుట్టూ ఒక గీత గీశాడు. లారీ మీద ఏది వేసినా ముందు హద్దు గీసి దాని వెంట రిబ్బను అంచు వెయ్యడం వాళ్ల పనిలో పద్ధతి. సాయంత్రానికి మెమో వచ్చింది: "ప్రభుత్వ స్వేచ్ఛాస్థలమునందు హద్దు గీసిన నేరమునకు మీపై ఏల చర్య తీసుకొనరాదో ఇరవై నాలుగు గంటలలోగా తెలుపవలెను." సంజాయిషీ ఆయన చెప్పగా నేనే రాశాను. అందులో ఒకటే వాక్యం: "అలవాటండీ."

గీత చెరిపించారు. ఆ గీతకు కారణమేమిటో విచారించి, ఇంకా మిగిలిన హద్దులు ఆయన చుట్టూ ఉన్నాయని డైరెక్టరు గారు కనిపెట్టారు. బ్రష్షుకు వెడల్పు ఉంటుంది, అది హద్దే, కాబట్టి బ్రష్షులు తీసేశారు. ఆయన వాడే ఆరు రంగులూ హద్దే కాబట్టి పదకొండొందల రంగులు తెప్పించి డబ్బాలన్నీ కుప్ప పోశారు. వాటిలో ఎర్రరంగు వెతకడానికి రెండు రోజులు పట్టింది. దొరికినవి తొంభై ఏడు ఎరుపులు. గడియారం తీసేశారు. మధ్యాహ్నం భోజనం గంట కూడా రద్దుచేశారు. అది తెలిసి మా క్యాంటీను వంటాయన తనూ స్వేచ్ఛ తీసుకున్నాడు. ఆ నెలంతా మేం పులిహోర పొట్లాలతో గడిపాం.

ఆపైన స్వేచ్ఛా పర్యవేక్షకుడని ఒకాయనను వేశారు. ఆయన పని మీరావలి వెనక నిలబడి గంటకోసారి "స్వేచ్ఛగా ఉన్నావా?" అని అడిగి రిజిస్టరులో రాయడం.

"ఉన్నానండీ" అనేవాడు మీరావలి. లేనని చెబితే ఇంకేం తీసేస్తారోనని ఆయన భయం.

ఒకనాడు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. కుడిచేతి వేళ్లు ఎడంచేత్తో నొక్కుకుంటూ, "చెయ్యి మొద్దుబారిపోతందండీ పానకాలరావు గారూ. ముప్పయ్యారేళ్లలో ఇన్ని రోజులు బ్రెష్షు పట్టకండా ఎప్పుడూ లేను. రాత్తిరి కల్లో గూడా తెల్లగోడేనండీ. నా చెయ్యి పోద్దేమోనని బయమేత్తంది" అన్నాడు.

పశువుల శాఖలో ఉన్నప్పుడు పలుపుతాళ్లన్నీ విప్పి బీట్లో వదిలేసిన ఎద్దును చూశాను. గడ్డిపరక లేని బీడు. అది ఎటూ పోకుండా విప్పిన గుంజ పక్కనే నిలబడింది. మీరావలి చూపూ అలాగే ఉంది. నాకు చాలా బాధ కలిగింది. ఆ బాధను ఏ ఫైలులో పెట్టాలో తెలియలేదు.

అంతలో గోవర్ధనయ్య వచ్చాడు. నాలుగు లారీల ఆసామి, భారీ మనిషి, గొంతు హారన్‌కు తీసిపోదు. కొత్త లారీకి బాడీ కట్టించాడు, శుక్రవారం ఉదయం ముహూర్తం. సరాసరి డైరెక్టరు గారి గదిలోకి నడిచాడు. వెనక మీరావలి, ఆ వెనక నేను.

"ఏమండీ డైరెక్టరు గారూ, మా మీరావలిని తమరు కట్టేశారంట! నా నాలుగు బళ్లూ ఆయన చేతిమీదనే రోడ్డెక్కినయ్. ముందర గద్ద, తలుపుల మీద మా ఆడపిల్లలిద్దరి పేర్లు, ఎనకమాల మా అమ్మ పేరు, ట్యాంకు మీద జింక. ఆయన ఎయ్యకపోతే నా బండి కదలదండీ. చెక్కతో ఎట్టా నిలబడిందో అట్టాగే నిలబడుద్ది."

డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "చూచితిరా! ఈయన చెప్పిన ఒక్కొక్క కోరికయు ఒక్కొక్క సంకెల! పదిహేడవ నిబంధన ప్రకారము మీరావలి ఇక యావజ్జీవితము ఏ లారీనీ ముట్టరాదు."

"యావజ్జీవితమంటే?" అన్నాడు మీరావలి.

"బతికినంత కాలమూ."

మీరావలి మొహంలో రంగు పోయింది. నిలబడ్డచోటే చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, నాకీ స్వేచ్ఛ వద్దయ్యా. ఇంకెవరికన్నా ఇయ్యండి. నా షెడ్డుకు నన్ను పోనియ్యండి."

"అది కుదరదు. స్వేచ్ఛను వదులుకొనుటకు నిబంధనలలో వెసులుబాటు లేదు."

"అంటే నేను ఖైదీనాండీ?"

"ఛ ఛ! నీకు సంపూర్ణ స్వేచ్ఛ ఉన్నదయ్యా. పోవుట ఒక్కటి తప్ప."

గోవర్ధనయ్య డైరెక్టరు గారి వైపు వీపు తిప్పాడు. తరవాత మీరావలి భుజం తట్టి, "శుక్రవారం దాకా చూత్తా మీరావలీ. ఇంకొకడి చేత ఎయ్యించను" అని వెళ్లిపోయాడు. ఆ రోజు సోమవారం.

బుధవారం ఉన్నతస్థాయి పరిశీలక సంఘం రాక. ఏడాదిలో మండలి ఏం సాధించిందో చూడటానికి వస్తున్నారు. సాధించిందేమో తెల్లగోడ. మంగళవారమంతా ఆఫీసు వణికింది, డైరెక్టరు గారు తప్ప. ఆయనకు భయం వేస్తే సిద్ధాంతం పుడుతుంది.

"గోడకు మరల సున్నము కొట్టించండి. కళాకారుడు ఏమియు వేయకుండుటయే స్వేచ్ఛకు పరాకాష్ఠ. మీరావలి చేత ఫారం తొమ్మిది మీద సంతకము తీసుకొనుము" అన్నారు నాతో.

ఫారం తొమ్మిది అంటే స్వేచ్ఛా నిర్ధారణ పత్రం. 'నేను ఈ కళాఖండమును సంపూర్ణ స్వేచ్ఛతో సృష్టించితిని' అని కళాకారుడు ఒప్పుకునే కాగితం. దాన్లో పదకొండో గడి అడుగున ఉంటుంది, మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. పైన "కార్యాలయ ఉపయోగార్థము మాత్రమే. ఈ గడిలో ఏమియు రాయరాదు" అని అచ్చేసి ఉంటుంది. లోపల అధికారి సంతకానికి ఒక చుక్కల గీత. పని సులువవుతుందని ఖాళీ ఫారాలన్నిటి మీదా నేను ముందే మండలి గుండ్రటి ముద్ర గుద్ది ఉంచుతాను. తొందరలో గుద్దినందున అది గడిలో ఒక మూలకు పడుతుంది. తప్పే గానీ, అందరూ చేసే తప్పు.

బుధవారం పొద్దున గోడకు సున్నం తడి ఆరలేదని మీరావలిని అటు పోనివ్వలేదు. తెచ్చి నా బల్ల ముందు కూర్చోబెట్టాను. ఫారం ఇచ్చి, కింద సంతకం చెయ్యమని, పూలదండలు వచ్చాయో లేదో చూడటానికి పోయాను. బల్ల మీద నా నీలం పెన్ను, ఎర్ర పెన్ను ఉన్నాయి. డైరెక్టరు గారి ఆకుపచ్చ పెన్ను కూడా ఉంది, సిరా నింపమని నాకిచ్చారు. ఆకుపచ్చ సిరాతో గెజిటెడ్ అధికారులు తప్ప ఇంకొకరు రాయకూడదన్నది మా ఆఫీసులో గాలికి కూడా తెలిసిన విషయం. మీరావలికి ఎవరూ చెప్పలేదు.

సంఘం పదకొండింటికి వచ్చింది. ఇద్దరు సభ్యులు, ఒక అధ్యక్షురాలు. అధ్యక్షురాలు కనకవల్లి గారికి డెబ్భై దాటాయి, చూపు మందం. చేతిలో భూతద్దం లేకుండా అడుగు వెయ్యరు, ఏ కాగితమైనా అచ్చు వేసిన ప్రెస్సు పేరుతో సహా చదవందే పక్కన పెట్టరు.

డైరెక్టరు గారు వాళ్లను గోడ ముందు నిలబెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. "అవధరించండి! ఇందులో ఏమియు లేదు. కనుకనే అంతయు ఉన్నది!" ఒక సభ్యుడు తల ఊపాడు. ఇంకో సభ్యుడు గోడను తాకి చూసి, అరచేతికంటిన సున్నం ఎక్కడ తుడుచుకోవాలా అని అటూ ఇటూ చూశాడు. కనకవల్లి గారు భూతద్దంలోంచి గోడను చూసి, "నాకేం కనబడ్డం లేదు నాయనా. ఎండ కళ్లలో కొడుతోంది. కాగితాలేమన్నా ఉంటే ఇవ్వండి" అన్నారు.

నేను పరుగెత్తుకెళ్లి ఫారం తెచ్చిచ్చాను. చూసుకోకుండా ఇచ్చాను. ఆవిడ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, కాఫీ కప్పు ఎడంచేతికి తీసుకుని, కుడిచేత్తో భూతద్దం పట్టుకుని మొదటి గడినించి చదవడం మొదలుపెట్టారు. పదో గడి అయింది. పదకొండో గడి దగ్గర చెయ్యి ఆగింది.

కాఫీ చల్లారింది. ఆవిడ తల ఎత్తలేదు. సభ్యులిద్దరూ వంగి చూశారు, వాళ్లూ తల ఎత్తలేదు. నేను వెనకనించి మెడ సాచాను.

ఆ గడిలో నెమలి పురివిప్పి ఉంది. నా ముద్ర ఏ మూల పడిందో ఆ మూలనే పింఛంలోని పెద్దకన్ను. ముద్ర చుట్టూ ఉన్న మా మండలి పేరంతా కంటిచుట్టూ ఈకల అంచుగా మారిపోయింది. ఏడాది అంతటిలో ఆ పేరు పనికొచ్చింది అప్పుడే. చుక్కల గీత రోడ్డయింది, చుక్కలు మైలురాళ్లు. ఆ రోడ్డు మీద కందిగింజంత లారీ, దాని ట్యాంకు మీద ఆవగింజలో సగమంత జింక. గడి గీతల వెంబడి నాలుగువైపులా ఎర్రరిబ్బను చుట్టుకుని ఉంది. పింఛం నిండా ఆకుపచ్చ సిరా.

ఆ బొమ్మ ఎంత బాగుందో చెప్పడం నాకు చేతకాదు. నేను ఫైళ్ల మనిషిని.

"ఎవరు వేశారిది?" అన్నారు కనకవల్లి గారు.

మీరావలిని పిలిచారు. దోషిలాగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "తప్పయిపోయిందండీ. సంతకం యాడ పెట్టాలో చూత్తా ఉంటే చోటు కనబడింది."

"ఈ లారీలో డ్రైవరు నవ్వుతున్నాడేమయ్యా?"

"ఇంటికి పోతన్నాడు గదండీ."

ఆవిడ భూతద్దం కింద పెట్టి కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు డైరెక్టరు గారు ఫారం అందుకున్నారు. అందుకుని చూసిన కొద్దీ ఆయన మొహం గాఢమైన నీలం, ఎరుపు, చివరికి ఆకుపచ్చ కూడా అయింది.

"కార్యాలయ గడి! ఆకుపచ్చ సిరా! ప్రభుత్వ ముద్రకు వికృతి! చుట్టును హద్దు! ఒక్క కాగితము మీద నాలుగు నేరములు!"

"ఇంత మంచి బొమ్మకు శిక్షా నాయనా?" అన్నారు కనకవల్లి గారు.

"బొమ్మకు కాదమ్మా, గడికి."

విచారణ అక్కడే జరిగింది. ఒప్పంద పత్రం తెప్పించి అన్నింటికన్నా పెద్దశిక్ష ఏముందో చూడమన్నారు. నలభై రెండో నిబంధన దొరికింది: "స్వేచ్ఛను దుర్వినియోగము చేసిన కళాకారుని స్వేచ్ఛ తక్షణమే రద్దగును. అట్టి వారు పూర్వపు నిర్బంధమునకే తిరిగి పంపబడుదురు." డైరెక్టరు గారు చదివి బల్ల గుద్దారు. "టైపు చేయుము! కఠినముగా చేయుము!"

నా సర్వీసులో నేనంత వేగంగా టైపు చేసింది ఇంకెప్పుడూ లేదు. ఆయన మనసు మారేలోపు ముద్ర కొట్టి మీరావలి చేతికిచ్చాను. శ్రద్ధగా, సరిగ్గా మధ్యలో కొట్టాను.

మీరావలి ఉత్తర్వు రెండుచేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. "శుక్రారం పొద్దుటికంటే ఎంతుందండీ?" అన్నాడు నాతో, మెల్లగా.

"ఒకటిన్నర రోజు."

"సరిపోద్ది, సరిపోద్ది" అంటూ మెట్లు దిగి పరుగెత్తాడు. యాభై దాటిన మనిషి అలా పరుగెత్తడం నేను చూడలేదు. శుక్రవారం ఉదయం గోవర్ధనయ్య లారీ దండలతో మా ఆఫీసు ముందునించే పోయింది. హారన్ మూడుసార్లు కొట్టాడు. మా వీధిలో హారన్ నిషేధం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కథ ఇక్కడితో అయిపోతే మా మండలి గౌరవం దక్కేది. కనకవల్లి గారి నివేదిక వచ్చింది. ఏడాదిలో మండలి చూపించిన ఒకే ఒక కళాఖండం ఫారం తొమ్మిదిలోని పదకొండో గడి అని అందులో రాశారు. డైరెక్టరు గారు రెండు రోజులు గది తలుపు వేసుకున్నారు. మూడో రోజు మమ్మల్ని మళ్లీ వరసగా నిలబెట్టారు.

"మిత్రులారా! హద్దే కళకు తల్లి! ఎంత చిన్న హద్దయిన అంత గొప్ప కళ! యుద్ధప్రాతిపదికన..."

చిత్తమన్నాం. మండలి పేరు మారింది. మూడొందల అడుగుల గోడను మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గడులుగా విభజించారు. మొత్తం రెండు లక్షల ఎనభై ఎనిమిది వేల గడులు. ఏ ఒక్కటీ అసలు నమూనాకు భిన్నంగా ఉండరాదని ఆదేశం. కాబట్టి పనివాళ్లు నిచ్చెనలు వేసుకుని ఏడునెలలు కష్టపడి, ప్రతి గడి నెత్తినా "ఈ గడిలో ఏమియు రాయరాదు" అని రాశారు. ఎవరూ రాయలేదు. రాష్ట్రంలో కళాకారులు నిబంధనలు పాటించే స్థితికి వచ్చారని డైరెక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

అసలు ఫారాన్ని ధ్వంసం చెయ్యమని నాకు ఆదేశమిచ్చారు. కార్యాలయ గడి నిండిన ఫారాన్ని ఇరవయ్యేళ్లు భద్రపరచాలని రికార్డుల మాన్యువల్‌లో ఉంది. నేను నిబంధనల మనిషిని. బీరువాలో పెట్టి తాళం వేశాను. సాయంత్రం ఇంటికి పోయేముందు ఒకసారి తాళం తీసి చూసుకుంటాను. ఆ చూడటానికి ఏ నిబంధనా లేదు. ఎందుకు చూస్తానంటే, చూడకపోతే ఇంటిదాకా నడవబుద్ధి కాదు. అంతే.

మొన్న ఆదివారం నా పాత స్కూటరు తోసుకుంటూ ఆటోనగర్ వెళ్లాను. మీరావలి ఒక ట్రక్కు వెనక ముక్కాలిపీట మీద కూర్చుని ఎవరివో పిల్లల పేర్లు రాస్తున్నాడు. నన్ను చూసి లేచి, బ్రష్షు చెవిమీద పెట్టుకుని, చేతులు తుడుచుకున్నాడు. నేను ఆయన కళ్లలోకి చూడకుండా స్కూటరుకు స్టాండు వేశాను. ఆ రోజు బోల్టును నిర్బంధమని రాసింది నేనే.

"దీని మీద ఒక చిన్న బొమ్మ వేస్తారేమోనని" అన్నాను చివరికి.

"దానికేందండీ! చోటెంత?"

స్కూటరు పక్కమూత చూపించాను. బొమ్మకు పనికొచ్చే చోటు అరచేయంత ఉంటుంది. ఒకవైపు తాళం, ఒకవైపు తుప్పు, మధ్యలో ఎప్పుడో గేటుకు గుద్దుకున్న సొట్ట. సిగ్గేసింది నాకు. "చాలా తక్కువ చోటు. కావాలంటే సొట్ట తీయించి తెస్తాను" అన్నాను.

మీరావలి గొంతుక్కూర్చుని సొట్టను బొటనవేలితో తడిమాడు. మూడొందల అడుగుల గోడను ఆయన ఏనాడూ అలా చూడలేదు.

"ఉండనియ్యండి. బోలెడుంది చోటు" అన్నాడు. అని జేబులోంచి సుద్దముక్క తీసి, ముందుగా చుట్టూ హద్దు గీశాడు.